కాలువ దారి పట్టిన ఇంటి కాగితాలు

మా ఇంటికి రెండు అరుగులు. వాకిలికి ఉత్తరం పక్కది మా అత్తది, దక్షిణం పక్కది మా మామది. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. నేను కడప నుంచి కర్నూలుకు కోడలిగా వచ్చేటప్పటికే హద్దులు ఖాయమైపోయి ఉన్నాయి. అత్త తన అరుగు మీద కూర్చుని ఆకుకూర తుంచుతూ వీధి వార్తలు వింటుంది. మామ తన అరుగు మీద పేపరు చదువుతూ అందులో లేని వార్తలు కూడా చెబుతాడు. నేను స్కూలుకు పోవాలన్నా, ఇంటికి రావాలన్నా ఆ రెండు రాజ్యాల మధ్య నుంచే. రెండు పక్కలా సుంకం కట్టాలి. మామకు టీ, అత్తకు ఆ టీలో చక్కెర వేయలేదన్న హామీ.

నా పెళ్ళయిన ఏడు మా నాయన ఆ అరుగుల మీద పరచమని లారీలో రెండు పెద్ద కడప బండలు పంపించాడు. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా అత్త చెప్పే మాట ఒకటే: “కడప నుంచి మూడు బండలొచ్చినాయి. రెండు అరుగుల మీద పరిచినాం, ఒగటి వంటింట్లో ఉండాది.” మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత తర్వాత, ఎవరైనా వస్తే నేనే వంటింట్లోంచి “మూడో బండ ఇక్కడ” అని పలకడం నేర్చుకున్నాను.

శివరాత్రి వెళ్ళాక ఒకరోజు డ్రైనేజీ వెడల్పు చేసే పనుల కోసం ఒక సర్వేయరు వచ్చాడు. వీధి పొడవునా కొలుచుకుంటూ వచ్చి, మా రెండు అరుగుల మీదా ఎర్ర రంగుతో అడ్డగీత గీశాడు.

“అమ్మా, ఇవి రోడ్డు మీదికొచ్చి కట్టినట్టుండాయి. ఇంటి కాగితాలు చూపిచ్చండి. కాగితం ప్రకారం మీవైతే ఉంటాయి. లేదంటే ఉగాది అయినాక తీసేస్తాం” అన్నాడు.

“తీసేస్తే నేను యాడ కూర్చునేదప్పా?” అంది అత్త.

“లోపల కూర్చోమ్మా. ఫ్యానుంటాది.”

“లోపల కూర్చుంటే ఈయప్పతో మాట్లాడేదెట్లా?” అని అత్త మామ వైపు చెయ్యి చూపించింది.

సర్వేయరుకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేది నాకే. మామ బతుకంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజను పక్కనే కూర్చుని కూర్చుని ఎడమ చెవి దాదాపు పోయింది. ఇంట్లో కుక్కరు కూత, టీవీ మోత. ఆ సందడిలో ఆయనకు ఏదీ వినపడదు, అత్తకు చెప్పిందే చెప్పే ఓపిక లేదు. అందుకని వాళ్ళిద్దరూ లోపల మాట్లాడుకోరు. మంచీ చెడ్డా, అలకా రాజీ, అన్నీ అరుగుల మీదే. అక్కడైతే వాకిలికి ఈ పక్క నుంచి ఆ పక్కకు గొంతెత్తి చెప్పవచ్చు. వీధి మొత్తానికి వినపడుతుంది కాబట్టి మామకు కూడా వినపడుతుంది. అరుగులు పోతే అత్తకు పోయేది కూర్చునే చోటు కాదు, సంసారం.

“కాగితాలే కదా, బీరువాలో ఉండాయి. తీసుకురా మే” అంది నాతో.

బీరువా తెరిచి, లాకరులోంచి పసుపు గుడ్డ మూట తెచ్చాను. మూట తేలిగ్గా ఉంది. అరుగు మీద విప్పితే అందులో ఎండిపోయిన బంతిపూలు, నల్లబడిన తమలపాకులు, సగానికి కోసిన నిమ్మకాయ ఒకటి, పిడికెడు జమ్మి ఆకు కనిపించాయి.

సర్వేయరు ఒక తమలపాకు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇవి ఏ సర్వే నంబరు కాగితాలమ్మా?” అన్నాడు.

ఏం జరిగిందో నాకు అక్కడే అర్థమైపోయింది. మామ సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయుధపూజకు బస్సు స్టీరింగుకు దండ వేసేవాడు. రిటైరయ్యాక పూజకు పెట్టడానికి ఆయనకు ఆయుధం లేకుండా పోయింది. స్కూటరు ఉంది గానీ అది మా ఆయన పేరు మీదిది. ఆలోచించి ఆలోచించి ఇంటి కాగితాలు పెట్టడం మొదలుపెట్టాడు. “ఇంటికి ఇంతకన్నా ఆయుధం ఏముండాది?” అంటాడు. ప్రతి దసరాకూ వాటిని పసుపు గుడ్డలో కట్టి, కుంకుమ పెట్టి, స్క్రూడ్రైవరుకూ కత్తిపీటకూ మధ్యన పెడతాడు. మరునాడు పూజలో వాడిన పూలనూ ఆకులనూ ఇంకో పసుపు గుడ్డలో మూటకట్టి కేసీ కాలువలో వదిలి వస్తాడు. పోయిన దసరాకు మూటలు తారుమారయ్యాయి. కాగితాలు కాలువకు పోయాయి, పూలు బీరువాలోకి వచ్చాయి.

“అందుకేనేమో, కార్తీకంలో బీరువా నిండా చీమలు! నేను దేవుడి మహిమ అనుకున్నా” అంది అత్త.

“రెండు మూటలూ ఒగే మాదిరి గుడ్డలో కట్టిందెవరు?” అన్నాడు మామ.

“కట్టింది నువ్వే.”

“గుడ్డలు ఇచ్చిందెవరు?”

ఆ వాదన సాయంత్రం దాకా నడిచింది. వీధి మొత్తం విన్నది. మా ఆయనది ఆత్మకూరులో ఉద్యోగం. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక దిగుతాడు. కాబట్టి ఈ వ్యవహారంలో ఆయన పాత్ర ఇంటికొచ్చి “ఏమైంది?” అని అడగడం వరకే. చెప్పాను. “అయ్యో” అన్నాడు. అక్కడితో ఆయన పాత్ర ముగిసింది.

కేసీ కాలువ కర్నూలు దాటి, నంద్యాల మీదుగా కడప తట్టుకు పారుతుంది. అంటే మా ఇంటి కాగితాలు మా పుట్టింటి దారే పట్టాయి. అత్త ఈ సంగతి వదులుతుందా?

“మీ నాయన్ను ఒగసారి కాల్వ గేటు కాడ నిలబడి చూడమను మే. బండలు పంపిచ్చినోడు కాగితాలు పంపిచ్చలేడా?”

నాయనకు ఫోను చేశాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. “ఆ కాల్వలో మా తట్టుకు నీళ్ళే రావమ్మీ, కాగితాలు యాడొస్తాయి? నడిమధ్యలో ఎవురో ఒగరు పొలానికి మళ్ళిచ్చుకొనుంటారు.” నంద్యాల పక్కన ఎవరి మడిలోనో మా ఇల్లు నాటు వేసి ఉందని నాకు ఆ రాత్రి కల కూడా వచ్చింది. అంతస్తులు అంతస్తులుగా మొలిచింది. అరుగులు మాత్రం మొలవలేదు.

రిజిస్ట్రేషను ఆఫీసు బయట, టార్పాలిన్ పట్ట కింద కూర్చునే దస్తావేజు లేఖరి ఒకాయన్ను అడిగితే పని మూడు ముక్కల్లో చెప్పాడు. పోయినట్టు పోలీసు స్టేషనులో కాగితం తీసుకోవాలి. పోయినట్టు పేపరులో ప్రకటన వేయాలి. అప్పుడు ఆఫీసులో ఉన్న పాత పుస్తకంలోంచి నకలు తీయించుకోవచ్చు. “ఏ సంవత్సరం రిజిస్టరైందో చెప్తే చాలు. కంప్యూటరు రాకముందుదైతే ఆ ఏటి పుస్తకం తీసి వెతకల్ల. సంవత్సరం తెలుసు కదా?” అన్నాడు.

నేను మామ వైపు చూశాను. మామ ఆకాశం వైపు చూశాడు.

నేను స్కూల్లో తెలుగు చెబుతాను. ఇంట్లో ఏది రాయాలన్నా నా మీదే పడుతుంది. పోలీసు ఫిర్యాదు కూడా నేనే రాశాను. “మా కుటుంబమునకు తరతరాలుగా నీడనిచ్చుచున్న గృహమునకు” అని మొదలుపెట్టాను. చెయ్యి తిరిగిందంటే నన్ను నేనే ఆపుకోలేను. స్టేషనులో హెడ్డు కానిస్టేబులు దాన్ని ఓపిగ్గా చదివాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ చదివాడు.

“మేడం, పోయిందేందో రెండో పేజీలో ఉండాది. మొదటి పేజీ అయిపోయేదాకా గృహప్రవేశం పత్రిక అనుకున్నా” అన్నాడు. తర్వాత మామ వైపు తిరిగి, “యాడ పోయినాయి?” అని అడిగాడు.

“కేసీ కాల్వలో.”

“కాల్వలో యాడ?”

“పారే నీళ్ళలో యాడని చెప్పేదప్పా? ఈపాటికి నంద్యాల దాటుంటాయి.”

“అట్లయితే ఫిర్యాదు నంద్యాలలో ఇయ్యల్లేమో.”

“పడింది ఇక్కడే కదా సార్” అన్నాను నేను.

“పడినాయా, పడేసినారా?”

ఇంటి నుంచి వచ్చేటప్పుడు దారి పొడవునా మామకు ఒకటే చెప్పుకుంటూ వచ్చాను, “పోయినాయి” అని తప్ప ఇంకో మాట అనవద్దని. మామ చాలా గట్టిగా, చాలా గౌరవంగా చెప్పాడు: “పడేసేదేంది సార్! పూజ చేసి, దండం పెట్టి వదిలినా.”

“ఇంటి కాగితాలకు నిమజ్జనం చేసినావా పెద్దాయనా!” అన్నాడు హెడ్డు, మామకు ఎడమ పక్కనున్న బీరువాలోంచి రిజిస్టరు తీస్తూ. స్టేషనులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. మాట ఎడమ చెవి వైపు నుంచి వచ్చింది కాబట్టి అదేమిటో ఆయనకు తెలియదు. బయటికొచ్చాక, “మంచి మనిషి, నవ్విచ్చి పంపినాడు” అన్నాడు.

తర్వాతది పేపరు ప్రకటన. ఈసారి బుద్ధి తెచ్చుకుని నాలుగే వాక్యాలు రాశాను. మా మామ తల్లి పేరు మీద ఉన్న ఇంటి దస్తావేజు పోయిందనీ, నకలు తీసుకుంటున్నామనీ, “ఎవరికైనను అభ్యంతరములున్నచో తెలుపవలెను” అనీ. ఆ చివరి వాక్యం లేఖరి పెట్టమన్నది. అది పెట్టకుండా ఉంటే మేము ఇంకా ఆ సంవత్సరం కోసం వెతుకుతూనే ఉండేవాళ్ళం.

సంవత్సరం మాత్రం దొరకడం లేదు. మామను ఎప్పుడు అడిగినా, “నేను ఏడో తరగతి ఫెయిలైన ఏడు” అంటాడు. “ఎన్నోసారి?” అంటుంది అవతలి అరుగు నుంచి అత్త. ఒకరోజు కరువు వచ్చిన ఏడు అన్నాడు. మా సీమలో అది గుర్తు కిందికి రాదు. రాని ఏడేదో చెబితే వెతకడం సులభం. ఇంకోరోజు, ఇంట్లో తెల్ల ఎనుము ఈనిన ఏడు అన్నాడు. గేదెల్లో తెల్లవి ఉంటాయా అని నేను అడిగితే, “అందుకే గదా గుర్తుండేది!” అన్నాడు. ఉగాది దగ్గర పడుతోంది. అరుగుల మీది ఎర్ర గీతల మీద అత్త రోజూ పొద్దున ముగ్గు వేస్తోంది. ముగ్గు వేస్తే సర్వేయరుకు కనపడవని కాదు, తనకు కనపడవని.

ప్రకటన వచ్చిన కొన్నాళ్ళకు, ఎండ నడినెత్తిన ఉండగా, వాకిట్లో ఆటో ఆగింది. సంచీతో ఒక పెద్దావిడ దిగింది. మామకు అక్క. మంత్రాలయంలో ఉంటుంది. వరస ఏదైనా నేను పెద్దత్త అనే పిలుస్తాను. చేతిలో మడిచిన పేపరు ఉంది.

“ఏంరా, ఇల్లు అమ్ముతాండావంట?”

“అమ్మేదేందక్కా, కాగితాలు పోయినాయి” అన్నాడు మామ.

“పోయినాయో పొయ్యిలో పెట్టినావో! పేపర్లో మా అమ్మ పేరేసి, అభ్యంతరాలుంటే చెప్పమని రాసినారు. నాకు శానా ఉండాయి. చెప్పేకే వచ్చినా.”

ఆమె తమ్ముడి అరుగు మీద కూర్చుంది. ఎడమ చెవి సంగతి తెలుసు కాబట్టి లేచి కుడి పక్కకు మారి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. ఆమె పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళకు దాచిన లడ్లు తిన్నదెవరు? మొదటి కాన్పుకు పంపిన నెయ్యిలో డాల్డా కలిపిందెవరు? ఆమె గృహప్రవేశానికి పెట్టిన చీర మొదటి ఉతుకుకే రంగెందుకు పోయింది? ఇంటి కాగితాలకు వీటితో సంబంధం లేదని చెప్పబోయాను. ప్రకటనలో “ఎవరికైనను” అని నేనే రాశాను. దేనికి సంబంధించి అని నేనే రాయలేదు. నోరు మూసుకున్నాను. అత్తకు ఈ ఆడబిడ్డంటే పెద్దగా పడదు. అయినా ఆ అభ్యంతరాల్లో సగం తనవి కూడా కాబట్టి, ఆరోజు నాతో కాఫీలో చక్కెర దండిగా వేయించింది.

మామ అన్నీ విన్నాడు. కుడి చెవి కాబట్టి తప్పలేదు. చివరికి, “లడ్లు నేను ఒగన్నే తినలేదక్కా” అన్నాడు.

“తినలేదా? ఇదో, ఈ అరుగు కిందనే కూర్చోని తినింటివి! పెండ్లి చప్పరం గుంజ చాటున! ఇల్లు కొన్న మరుసటేడే గదా నా పెళ్ళి. అరుగులు కొత్త, చప్పరం కొత్త, నీ బుద్ధి మాత్రం పాతదే!”

నేను కాఫీ లోటా కింద పెట్టాను. “పెద్దత్తా, నీ పెళ్ళి ఏ సంవత్సరం?”

“నల నామ సంవత్సరం” అంది వెంటనే. “యాడ మర్సిపోతా? అయ్యవారు లగ్నపత్రిక చదువుతా ‘నల’ అనేసరికి ఆడోళ్ళందరూ నన్ను చూసి నవ్వినారు. ఏడు నల, పెండ్లికూతురు నలుపు అని. మొదట నవ్వింది వీడే. అది గూడా అభ్యంతరమే, రాసుకో మే.”

రాసుకున్నాను. తెలుగు టీచరుకు అరవై సంవత్సరాల పేర్లూ నోటికి రావాలి. నాకూ వస్తాయి. కాకపోతే, ఎక్కడ అడిగినా మొదటినుంచి మొదలుపెడితేనే వస్తాయి. ప్రభవ, విభవ, శుక్ల అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోయాను. దారిలో పెద్దత్త ఇంకో అభ్యంతరం చెప్పడంతో తప్పిపోయి, మళ్ళీ ప్రభవకు వచ్చాను. రెండోసారి నల దగ్గరికి చేరాను. దాని ముందరిది రాక్షస.

“ఇల్లు కొన్నది రాక్షస నామ సంవత్సరంలో” అన్నాను.

“అనుకుంటానే ఉండా, ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి” అంది అత్త.

పంచాంగంలో చూసుకుని, దాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చి, లేఖరికి చెప్పాం. పుస్తకం తీశారు. దస్తావేజు దొరికింది. నకలు వచ్చిన రోజు నేను వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. ఎవరో పాతకాలపు గుమాస్తా చేతిరాత. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తున్నాయి. నాలుగు పక్కలా హద్దులు. తర్వాత “గడపకు ఇరుపక్కల అరుగులు సహా” అన్న మాట. అది వినగానే అత్త ఆకుకూర చాట పక్కన పెట్టి, “ఇంగోసారి చదువు” అంది. చదివాను. పక్కింటివాళ్ళ కోసం ఇంకోసారి చదివించింది. పెద్దత్త ఆ సాయంత్రమే, అభ్యంతరాలన్నీ తీరకపోయినా తీరినట్టు ఒప్పుకుని, బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఉగాది వెళ్ళింది. సర్వేయరు వచ్చాడు. నకలు తీసుకుని, నేను గట్టిగా చదవకుండా వదిలేసిన భాగం చదివాడు. కొలతలు. అంకెలు వచ్చేచోట నా గొంతు ఎప్పుడూ సన్నబడుతుంది. వెనక గోడ నుంచి వీధి వైపు ఉత్తరాన ఎన్ని గజాలో, దక్షిణాన అంతకు ఒక గజం తక్కువ అని ఉంది. మా ఇల్లు చూడడానికి నలుచదరం. కాగితం మీద మాత్రం ఒక పక్కకు వంగింది. ఆయన టేపు పట్టాడు. ఉత్తరాన అది సరిగ్గా అత్త అరుగు అంచుకు వచ్చి ఆగింది. దక్షిణాన ఇంటి ముందు గోడ దగ్గరే ఆగింది. మామ అరుగు మొత్తం వీధిలో ఉంది.

“రాతలో రెండు అరుగులుండాయమ్మా. కొలతలో ఒగటే ఉండాది. మేము కొలతే చూడల్ల.”

అత్త ముఖంలో తన అరుగు మిగిలిన సంతోషం ఒక్క క్షణం కనిపించింది. తర్వాత మామను చూసింది. ఆయన పేపరు మడతలు సరిచేస్తున్నాడు.

“పోనీలే. దాని మీద పొద్దన్నుంచి ఎండే” అన్నాడు.

“నా దాని మీద వాన కురుస్తాందా? నువ్వు గమ్మునుండు” అని అత్త సర్వేయరు వైపు తిరిగింది. “పూజకు పెట్టి పోగొట్టుకున్నోడప్పా. తెలివి తక్కువోడే గానీ దొంగ కాదు. ఈయప్ప యాడ కూర్చుంటాడు?”

“లోపల కూర్చుంటాడమ్మా.”

“లోపల కూర్చుంటే...” అంది అత్త. మిగతాది ఈసారి వీధికి చెప్పలేదు.

మామ అరుగు తీసేశారు. మా నాయన పంపిన బండను మాత్రం అత్త దగ్గరుండి పగలకుండా తీయించి, కొత్త డ్రైనేజీ మీద వాకిలికి ఎదురుగా వేయించింది. ఇంట్లోకి రావాలంటే దాని మీద అడుగు పెట్టాలి. పెట్టిన ప్రతివాళ్ళతోనూ మామ, “నా సీటు తొక్కుతాండావు” అంటాడు.

కొన్నాళ్ళు ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వీధిలో కూర్చున్నాడు. ఆటోలు హారను కొట్టాయి. లోపలికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. వార్తలు చెప్పడం మానేశాడు. అత్త కూడా బయట ఒక్కతే కూర్చుని ఆకుకూర త్వరత్వరగా తుంచేసి లోపలికి వచ్చేసేది. రాకపోకలకు నేను సుంకం కట్టాల్సిన పని లేకుండా పోయింది. అది హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఒక సాయంత్రం మామ గడప దగ్గర నిలబడి వీధిలోకి చూస్తుంటే, అత్త చాట తీసి కింద పెట్టి, కాస్త పక్కకు జరిగింది.

“స్టాపులో నిలబడినట్టు నిలబడినావేంది? ఎక్కు.”

ఎక్కాడు. కుడి చెవి అత్త పక్కకు పడేటట్టు కూర్చున్నాడు. ఆ అరుగు ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. అత్త నోటికీ మామ చెవికీ మధ్య ఇప్పుడు జానెడు దూరం కూడా లేదు. గొంతెత్తే పని పోయింది. ఒకరోజు ఎదురింటావిడ నన్ను ఆపి, “మీ అత్తామామలకు ఏమన్నా కోపతాపాలా? ఈమధ్య ఏమీ వినపడ్డంలేదు” అని అడిగింది, తనకు రావలసిందేదో మేము ఆపేసినట్టు.

ఈ దసరాకు నకలును కూడా ఆయుధపూజలో పెట్టాడు మామ. ఈసారి అత్త దానికి ఎర్ర గుడ్డ ఇచ్చింది, పూలకు పసుపు గుడ్డ. మరునాడు మామ పసుపు మూట తీసుకుని స్కూటరు వైపు నడుస్తుంటే వెనక్కి పిలిచింది.

“ఇట్లా రా. విప్పు.”

అరుగు మీద పక్కపక్కన కూర్చుని, మూటను ఇద్దరి ఒళ్ళోనూ సగం సగం వేసి విప్పారు. అత్త ఒక్కో పువ్వూ తీసి చూస్తోంది.

“జరుగు, వెలుతురు పడ్డంలేదు” అంది.

“ఇంగ యాడికి జరిగేది? కాల్వలోకా?”

“ఆ. పోయి, మునుపటివి కనపడితే తీసుకురా.”

ఈ మాటలు వీధికి వినపడలేదు. గడపలో టీ లోటాతో నిలబడినందుకు నాకు వినపడ్డాయి.